జీపుకు కట్టిన పసుపు దారం

పచ్చి వేరుశెనగకాయను పళ్లతో నొక్కి తెరిస్తే లోపలి గింజ లేత గులాబీ రంగులో తడితడిగా మెరుస్తుందని ఇందుమతికి పెళ్లయిన నాలుగో నెలలో గాని తెలియలేదు. అనంతపురం కాలేజీలో బి.ఏ. చదివినన్నాళ్లూ ఆమె ఎరిగినవి బజారులో పొట్లం కట్టి ఇచ్చే వేయించిన గింజలే. ఇప్పుడు నల్లబండపల్లి చేనులో, కొయ్యలు పాతి కట్టిన మంచె మీద, మొగుడి పక్కన కాళ్లు వేలాడేసి కూర్చుని, ఒళ్లో పోసుకున్న కాయలు ఒక్కొక్కటే వలిచి తింటూ, ఇంత రుచి లోకంలో ఉందని ఏ పుస్తకమూ తనకు చెప్పలేదే అని ఆశ్చర్యపోయేది. తొక్కలు కిందికి విసిరేది. అవి గాలికి గిరగిర తిరుగుతూ పడుతుంటే అదీ ఒక వేడుకే.

మంచె కొయ్యకు తుపాకీ వేలాడుతూ ఉండేది. మామగారు తిప్పేస్వామి పేర లైసెన్సు ఉన్న పాతకాలం తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు కూరి, కడ్డీతో దట్టించి పేల్చాలి. దాని కర్రకు ఇత్తడి రేకు అతికి, పగుళ్లకు తీగ చుట్టి ఉండేది. జయరాముడు దానిలో గుళ్లు వేసింది తక్కువ. ఉత్త మందే కూరి సాయంత్రం ఒకటి, తెల్లవారుజామున ఒకటి పేలిస్తే చాలు, గుట్ట మీది అడవిపందులు ఆ చప్పుడుకు ఈ దిక్కు రావు.

"మీ ఇంటికి నాకంటే ముందు వచ్చిన పెద్దకోడలు ఇది. మీ అమ్మ నాకంటే దీన్నే బాగా చూసుకుంటుంది" అనేది ఇందుమతి.

"ఆ పెద్దకోడలు నీ మాదిరి వాగదు. రెండే రెండు మాటలు మాట్లాడతాది దినానికి" అనేవాడు జయరాముడు.

నవ్వులాట అలా ఉండగా, ఆ చేను మీద ఒక పెద్ద మాట ఆధారపడి ఉంది. వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టాయి. ఈ ఏడు ఆషాఢంలో నాలుగు చినుకులు పడగానే జయరాముడు, "ఈ చేను నాకు వదిలెయ్యి నాయనా, పంట తీసి చూపిస్తా" అన్నాడు. తండ్రి సరేనని షరతు పెట్టాడు. పంట రాకపోతే జయరాముడు ధర్మవరంలో మేనమామ పట్టుచీరల కొట్టుకు గుమాస్తాగా పోవాలి. కొట్టు వెనక గుమాస్తాలు పడుకునేది ఒకే గది. అందులో ఆడమనిషికి చోటు లేదు. అంటే అతను అక్కడ చీరలు మడతపెడుతూ, ఆమె ఇక్కడ గోడలు చూస్తూ. పెళ్లయిన ఏడాదైనా నిండకముందే అట్లాంటి బతుకు తలుచుకుంటే ఇందుమతికి నోట్లో గింజ కూడా చేదయ్యేది.

కాయ ముదురుతున్న ఆ సెప్టెంబరు చివర్లో, తలారి ఊళ్లో దండోరా వేశాడు. అక్టోబరు మొదటి తారీఖు నుంచి కొత్త ఆయుధాల చట్టం వస్తోందట. లైసెన్సు ఉన్నవాళ్లందరూ శనివారం లోపల తుపాకీలు ఠాణాలో ఒప్పజెప్పాలట. పరీక్ష చేసి, నంబర్లు వేసి తిరిగి ఇస్తారట. వివరంగా చెప్పడానికి గురువారం ఎస్సైగారే బడి దగ్గరికి వస్తారట.

ఎస్సైగారు వచ్చారు. ఆయనకంటే ముందు ఆయన జీపు దుమ్ము వచ్చింది. ఇస్త్రీ చెడకుండా దిగి, చేతిరుమాలుతో కుర్చీ దులుపుకుని కూర్చున్నారు. జీపు ముందు కడ్డీకి నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ ఒకటి, దాని పక్కనే నల్లటి తాయెత్తు ఒకటి వేలాడటం ఆడవాళ్ల వరసలో కూర్చున్న ఇందుమతి చూసింది. ఆ దండ ఊగుతుండగానే ఆయన ఉపన్యాసం మొదలైంది.

"ప్రజలు మూఢత్వం నుంచి బయటపడాలి. తుపాకీ ఉంటే బలం అనుకోవడం ఒక మూఢనమ్మకం. ఆయుధం అనేది శిక్షణ కలిగిన బాధ్యత గల వ్యక్తుల చేతుల్లో మాత్రమే ఉండాలి" అన్నారు ఎస్సైగారు, తన బెల్టు సర్దుకుంటూ.

"అట్లయితే మా పందులకు మీరు శిక్షణ ఇయ్యండి సామీ" అంది సుంకమ్మ. కూలికి పోయి బతికే మనిషి. తిప్పేస్వామి చేను పక్కనే గుంటెడు నేల కౌలుకు చేస్తోంది.

నవ్వులు లేచాయి. ఎస్సైగారు నవ్వలేదు. పక్క ఊళ్లో పెళ్లి ఊరేగింపులో తాగినవాడొకడు గాల్లోకి పేల్చబోతే గుళ్లు తగిలి పెళ్లికూతురి తమ్ముడి కన్ను పోయిన సంగతి చెప్పారు. ఆ మాట నిజమే. ఆ పిల్లవాణ్ణి ఇందుమతి కూడా చూసింది. అందుకే ఆమె తల ఊపింది.

ఎర్రిస్వామి లేచాడు. ఊళ్లో ఏ గొడవలోనైనా గొంతు ఆయనదే. ఆయనకూ ఒక తుపాకీ ఉంది గాని దాన్ని పేల్చే గుర్రం విరిగి పన్నెండేళ్లయింది. ఆయన ఇంటి ఆడవాళ్లు దాన్ని అటక మీది మిరపకాయల మూట దించుకోవడానికి వాడతారు.

"నా తాత ముట్టిన తుపాకీ అది. నా పీనుగ మీద నడిచిపోయి తీసుకోండి. ఈ దినం తుపాకీ అంటారు, రేపు కొడవలి అంటారు, ఎల్లుండి రోకలి అంటారు. అన్నీ ఇచ్చేసి మేం గాజులు ఏసుకోవాల్నా?" అన్నాడు ఎర్రిస్వామి.

"ఏసుకుంటే తప్పేముంది మామా, మేం ఏసుకోలేదా? గాజులు ఏసుకొనే నీకు సంకటి పెడతాండారు" అంది సుంకమ్మ. తర్వాత ఎస్సైగారి వైపు తిరిగింది. "ఒక మాట అడుగుతా సామీ. లైసెన్సు ఉండేవాని తుపాకీ యాడుండాదో మీకు తెలుసు, పోయి తెచ్చుకుంటారు. లైసెన్సు లేనోళ్లు ఉండారు కదా, మనుషుల్ని చంపేది వాళ్లే. వాళ్లవి ఎట్ల తెచ్చుకుంటారు?"

"దానికి వేరే సెక్షన్లు ఉన్నాయి" అన్నారు ఎస్సైగారు.

"సెక్షన్లు ఉండాయంట. ఇంగ నిద్రపోండప్పా" అని సుంకమ్మ కూర్చుంది.

అప్పుడు ఇందుమతి లేచి నిలబడింది. కొత్తకోడలు నలుగురిలో లేచిందని వెనకనుంచి ఎవరో కొంగు లాగారు. "ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు సార్?" అని అడిగింది.

ఎస్సైగారికి ఆ 'సార్' నచ్చింది. "మీరు చదువుకున్నట్టున్నారే. ఎనిమిది రోజులమ్మా. ఒక్క రోజు కూడా ఎక్కువ కాదు. ఇది నా మాట కాదు, ప్రభుత్వం మాట."

అంతే, ఇందుమతి మనసు గాల్లో తేలిపోయింది. తాను అడిగింది, ప్రభుత్వం జవాబు చెప్పింది. కాలేజీలో పౌరశాస్త్రం పాఠంలో రాసుకున్నది కళ్ల ముందు జరిగింది. ఆ సంతోషం ఇంటిదాకా పట్టలేక దారంతా మొగుడికి చెబుతూనే వచ్చింది.

ఇంట్లో మామగారు మాత్రం నులక మంచం మీద కూర్చుని తుపాకీ కర్రను అరచేత్తో నిమురుతున్నాడు.

"తెల్లోళ్ల కాలంలో ఒకసారి తీసకపోయినారు. గొట్టం మనది వచ్చింది, కర్ర ఇంగెవనిదో వచ్చింది. మనోళ్లు వచ్చినాక ఓట్లని ఒకసారి తీసకపోయినారు. మూడు నెలలకు తుప్పు పట్టించి ఇచ్చినారు. దొరలు పోయినారమ్మయ్యా, ఆ తాళంచెవులు మాత్రం ఆ చేతినుంచి ఈ చేతికి వచ్చినాయి, అంతే" అన్నాడు తిప్పేస్వామి.

"అప్పుడు ఎవరూ అడగలేదు మామా. ఇప్పుడు అందరి ముందూ ఎనిమిది రోజులని చెప్పినారు కదా. చట్టం మంచికే కదా. ఆ కన్ను పోయిన పిల్లవాడి సంగతేమి? మన మాట మనం నిలబెట్టుకుంటే, వాళ్ల మాట వాళ్లు నిలబెట్టుకోవాల్సి వస్తుంది" అంది ఇందుమతి.

అత్తగారు లక్ష్మీదేవమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "మానవమి ఉండాది ముందర. తుపాకీ లేకుండా ఆయుధ పూజ ఎట్లయితాది?" అంది.

"శనివారం ఇస్తే ఎనిమిది రోజులకు సరిగ్గా మహర్నవమి అత్తా. పూజకు వచ్చేస్తుంది."

తిప్పేస్వామి కోడలి ముఖం చూశాడు. ఆ ముఖంలో ఉన్న నమ్మకాన్ని కాదనడానికి ఆయనకు మనసు రాలేదు. "చదువుకున్న బిడ్డ చెప్తాంది. ఇచ్చేసి రా పోరా" అన్నాడు కొడుకుతో.

శనివారం జయరాముడు ఠాణాకు పోయేసరికి అక్కడ అందరికంటే ముందు వచ్చి తుపాకీ ఇచ్చి పోయినవాడు ఒకడున్నాడు. ఎర్రిస్వామి. శుక్రవారమే తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని, అడ్డదోవన వచ్చి ఇచ్చిపోయాడట.

మంగళవారం పొద్దున చేనికి పోతే వాగువంక పక్కన ఒక పట్టె అంతా దున్నినట్టు లేచి ఉంది. చెట్లు పెరికి, కాయలు నమిలి, తొక్కలు ఉమ్మేసి పోయాయి పందులు. ఇందుమతి ఆ తొక్కలు చూస్తూ నిలబడిపోయింది. ఇవి గాలికి తిరగలేదు. బురదలో అణిగి ఉన్నాయి.

జయరాముడు ఆ రోజు నుంచి కిరసనాయిలు డబ్బా కొట్టుకుంటూ కాపలా కాశాడు. డబ్బా చప్పుడుకు పందులు ఒక పూట జడిసి, రెండో పూట ఆలోచించి, మూడో పూటకు అలవాటుపడ్డాయి. సుంకమ్మ గుంటెడులో సగం పోయింది. ఆమె గట్టు మీద నిలబడి, "ఏమ్మా బీయే, మీ సర్కారు మాట పందులకు చెప్పినావా లేదా? అవి మీటింగుకు రాలేదు పాపం" అంది.

ఇందుమతి వంగి, పందులు పెరికి పడేసిన చెట్లు ఏరసాగింది. 

మొగుడూ పెళ్లామూ రెండుసార్లు ఠాణాకు పోయారు. రెండుసార్లూ హెడ్డు కానిస్టేబులు పాపన్న గుమ్మం దగ్గరే, "ఎస్సైగారు క్యాంపులో ఉండారు" అన్నాడు. "నంబర్లు వేసేవాళ్లు వచ్చినారా?" అంటే, "వాళ్లూ క్యాంపే" అన్నాడు. ఇందుమతికి క్యాంపు అంటే ఏదో ఊరు కాబోలు, సర్కారువాళ్లందరూ కలిసి అక్కడ కాపురం పెట్టారు కాబోలు అనిపించింది.  ఇంటికి వచ్చేసరికి ధర్మవరం మామ పంపిన మనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పండగ వెళ్లగానే అల్లుణ్ణి పిలుచుకుని రమ్మన్నాడట, అంతవరకు ఇక్కడే ఉంటాడట. అతడు తెచ్చిన బట్టసంచిలో గుమాస్తా తొడుక్కోవలసిన తెల్లచొక్కా ఒకటి ఉంది. కొలత కూడా అడక్కుండానే కుట్టించాడు మేనమామ.

జయరాముడు ఆ చొక్కా వేసుకుని చూశాడు. చేతులు పొట్టి. ఇందుమతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మహర్నవమి పొద్దున లక్ష్మీదేవమ్మ ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టింది. నాగలి కర్రు, గొర్రు, కొడవళ్లు, గొడ్డలి, రోకలి, చేట. ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. పసుపు దారం ఒకటే పొడుగ్గా తీసుకుని, మొదటి పనిముట్టు నుంచి చివరిదాకా ఒక్కోదానికి ఒక్కో ఉచ్చు వేసుకుంటూ పోతారు. మరునాడు ప్రతి పనిముట్టునూ తన ఉచ్చులోంచి జారదీసి, దాని పని దాని చేత చేయించి, మళ్లీ తెచ్చి ఉచ్చులో పెడతారు. అన్నీ పని చేసి వచ్చాకే ఇంటి ఇల్లాలు దారం తెంపుతుంది. ముందే తెగితే ఏడాదంతా ఏ పనిముట్టూ మాట వినదు, మనిషిని గాయం చేస్తుందని వాళ్ల భయం.

దారం పట్టుకుని లక్ష్మీదేవమ్మ గొడ్డలి దగ్గర ఆగింది. గొడ్డలికీ రోకలికీ నడుమ తుపాకీ చోటు ఖాళీగా ఉంది.

"ఇట్ల నేను కట్టేది లే. అది యాడుంటే ఆడికి పోయి కడతా" అని లేచింది.

"ఠాణాలోనా అమ్మా?" అన్నాడు జయరాముడు.

"ఠాణా అయితే ఏం, దాంట్లో దేవుడు రాకూడదని రాసినారా? ఎద్దుల్ని కట్టు."

బండి కట్టారు. గుమ్మడికాయ, టెంకాయలు, పసుపు, కుంకుమ, బొరుగులు, బెల్లం ఎక్కించారు. దారిలో చూసి తుపాకీలిచ్చిన తక్కిన ఇళ్లవాళ్లూ వెంటబడ్డారు. ఎర్రిస్వామి కూడా వచ్చాడు, పోరాటానికి ముందు నడుస్తున్నవాడిలాగా బండికి ముందు నడుస్తూ. సుంకమ్మకు తుపాకీ లేదు. అయినా వచ్చింది. "నేను పందుల తరఫున వస్తాండా" అంది.

ఠాణా ముందు మామిడాకులు కట్టి ఉన్నాయి. పోలీసులకూ ఆ రోజు ఆయుధ పూజే. సర్కారు రైఫిళ్లు బల్ల మీద వరసగా పెట్టి, పాపన్న తలపట్టుకుని కూర్చున్నాడు. వస్తానన్న పురోహితుడు పెద్ద ఊరికి పోయాడట. లక్ష్మీదేవమ్మను చూడగానే ఆయనకు ప్రాణం లేచివచ్చింది. "అక్కా, దేవుడు పంపినట్లు వచ్చినావు. ఇవి గూడా నీ చేత్తోనే చేసెయ్యి."

"చేస్తా. మా తుపాకీలు తెచ్చి పక్కన పెట్టు."

పాపన్న లోపలినుంచి ఒక్కొక్కటే తెచ్చాడు. గుర్రం లేని ఎర్రిస్వామి తుపాకీ వచ్చింది. ఇంకెవరివో వచ్చాయి. ఇత్తడి రేకు తుపాకీ మాత్రం రాలేదు. "అది... క్యాంపులో ఉండాది" అన్నాడు పాపన్న నేల చూస్తూ.

అంతలో జీపు వచ్చింది. ఎస్సైగారు దిగారు. వెనక సీట్లో ఇత్తడి రేకు తుపాకీ ఉంది. దాని పక్కన కాళ్లు కట్టిన కుందేళ్లు రెండు, కౌజుపిట్టలు ఒక గుత్తి.  లక్ష్మీదేవమ్మ పోయి తుపాకీ అందుకుంది. మసి ఆమె చేతికంటింది. ఆ చెయ్యి అందరికీ కనిపించేటట్టు పట్టుకుని నిలబడింది.

"పరీక్ష చేశాం. ఆయుధం పనిచేసే స్థితిలో ఉందో లేదో చూడటం చట్టప్రకారం మా విధి" అన్నారు ఎస్సైగారు.

"పరీక్షలో కుందేళ్లు పాసయినట్టున్నాయి సార్" అంది ఇందుమతి.

ఈసారి ఆమె గొంతులో పౌరశాస్త్రం లేదు. పది రోజుల కిందట తాను గాల్లో తేలుతూ నడిచిన దారి గుర్తొచ్చి ఒళ్లు మండింది. తన మొగుడు డబ్బా కొట్టి చేతులు బొబ్బలెక్కించుకుంటుంటే, శిక్షణ కలిగిన బాధ్యత గల వ్యక్తి కౌజుపిట్టలు కొడుతున్నాడు. అదీ తమ తుపాకీతో. ఇదంతా తన మాట విన్నందుకు వచ్చింది.

ఎస్సైగారు ఏదో అనబోయారు. అంతలో పక్కన ఉన్న క్వార్టర్సు లోంచి ఆయన భార్య నాగలక్ష్మమ్మ పట్టుచీరలో వచ్చింది. పూజ సామాను చూసి చేతులు జోడించింది. "అమ్మా, జీపుకు గూడా చెయ్యండి. పోయిన నెల కుందుర్పి దోవలో బోర్లా పడబోయింది. నా పసుపు కుంకుమ గట్టివి గనుక బతికినారు" అంది.

"అవును, జీపుకు కూడా. ముఖ్యంగా జీపుకు" అన్నారు ఎస్సైగారు, మాట మారినందుకు సంతోషిస్తూ. మూఢత్వం మీద ఉపన్యాసం చెప్పిన నోరే అది.

లక్ష్మీదేవమ్మ నెమ్మదిగా, భక్తిగా పూజ చేసింది. ఇంట్లో కట్టినట్టే ఒకటే దారం తీసుకుంది. రైఫిళ్లకు ఉచ్చులు, ఊరి తుపాకీలకు ఉచ్చులు, చివరికి జీపు. జీపు దగ్గర డ్రైవరు భక్తి ఎక్కువై, దారాన్ని నాలుగు చక్రాల సందుల్లోంచి దూర్చి, ముందు కడ్డీకి మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. టెంకాయ కొట్టారు. బొరుగులు పంచారు. ఎస్సైగారు కళ్లు మూసుకుని గుంజీళ్లు కూడా తీశారు.

"ఇంగ రేపు ఇవన్నీ తమ తమ పనులు చేసి రావాల. అన్నీ వచ్చినాక నేనే వచ్చి దారం తెంపుతా. అంతవరకు తెగకూడదు" అంది లక్ష్మీదేవమ్మ.

"తప్పకుండా. రేపు మా వాళ్లు రైఫిళ్లు గాల్లో పేలుస్తారు" అన్నారు ఎస్సైగారు.

"అవి సరే సామీ. మా తుపాకీల పని చేనుకాడ. ఈడ గోడకు ఆనుకొని ఉంటే పని చేసినట్లు కాదు కదా."

ఎస్సైగారు నవ్వారు. "అమ్మా, అవి ప్రభుత్వం స్వాధీనంలో ఉన్నాయి. ఇవ్వడం కుదరదు."

"కుదరకపోతే దారం తెంపుకోండి. నేనేమన్నా వద్దంటినా?" అంది లక్ష్మీదేవమ్మ మామూలుగా. ఆమె ఎత్తు వేసి అనలేదు. ఉన్న మాట అంది.

ఎస్సైగారు కిందికి చూశారు. పసుపు దారం బల్ల మీదినుంచి దిగి, తుపాకీలన్నిటినీ చుట్టి, నేల మీదుగా పాకుతూ పోయి తన జీపు చక్రాల్లో దూరి ఉంది. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా కింద మెళ్లో ఉన్న ఇంకో తాయెత్తును తడుముకుంది.

"తెంపితే నేను ఈ పొద్దే పుట్టింటికి పోతా" అంది నాగలక్ష్మమ్మ. ఆ మాట ఎంత మెల్లగా అన్నా కానిస్టేబుళ్లందరికీ వినబడింది.

ఇందుమతికి అప్పుడు తట్టింది. అత్తగారు తెరిచిన తలుపు అది. తాను చేయవలసింది లోపలికి అడుగు పెట్టడమే.

"సార్, మీటింగులో చట్టం చెప్పినారు గాని ఒకటి చెప్పలేదు. ఒకరి లైసెన్సు తుపాకీ ఇంకొకరు తీసుకుపోయి పేలిస్తే కొత్త చట్టంలో ఏమి శిక్ష?" అని అడిగింది, గురువారం నాడు అడిగినంత మర్యాదగానే.

ఎస్సైగారు జీపు వెనక సీటు వైపు చూశారు. కుందేళ్ల చెవులు బయటికి కనబడుతున్నాయి.

"దానికి వేరే సెక్షన్లు ఉండాయిలే పాపా" అంది సుంకమ్మ.

ఇస్త్రీ మాటలు ఆ క్షణంతో పోయాయి. ఎస్సైగారు కూడా ఈ నేలవాడేనని, బెళుగుప్ప దిక్కు మనిషేనని అప్పుడు బయటపడింది. "సరే తీసకపోండప్పా. మీ పని చేసుకొని తెచ్చియ్యండి. యాడా ఎవరికీ చెప్పొద్దండి. ఎన్ని దినాలు కావాల?"

తిప్పేస్వామి అంతదాకా బండి దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ముందుకొచ్చి, "ఎనిమిది దినాలు సామీ. ఒక్క దినం గూడా ఎక్కువ కాదు" అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. నవ్వంతా మీసాల్లో దాచాడు.

తుపాకీలు ఉచ్చుల్లోంచి జారాయి. ఖాళీ ఉచ్చులు బల్ల అంచున వేలాడుతూ ఎదురుచూస్తూ ఉండిపోయాయి. జీపుకు మాత్రం జారే వీలు లేదు, కదిలితే దారం తెగుతుంది.

మరునాడు సాయంత్రం జయరాముడు మంచె మీద నిలబడి పేల్చాడు. పెద్దకోడలు గొంతు గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. ఇందుమతి చెవులు మూసుకుని, కళ్లు తెరుచుకుని, నోట్లో గింజ పెట్టుకుని నవ్వింది.

ఎనిమిది దినాలు పోయాయి. పదైదు పోయాయి. కాయ ఇంకా పూర్తిగా ముదరలేదు. తుపాకీ పని ఎప్పుడు అయినట్టు అని పాపన్న సైకిలు మీద వచ్చి అడిగాడు.

"పంట ఇంటికి చేరితే అయినట్లు. నడుమలో తెస్తే సగం పనే కదన్నా" అంది లక్ష్మీదేవమ్మ.

"అది నిజమే" అన్నాడు పాపన్న. ఆయనదీ సేద్యగాళ్ల ఇల్లే. "మా సారు పాట్లు చూడలేకుండాం తల్లీ. ఎద్దులబండిలో క్యాంపు పోతాండాడు. పైకి రిపోర్టు రాయాలంటే ఏమని రాస్తాడు? జీపును దారంతో కట్టేసినారని రాస్తాడా?"

"ఠాణాలో ఇంకెవరన్నా వచ్చి నంబర్లు వేసినారా?" అని అడిగింది ఇందుమతి.

"వాళ్లు ఇంగా క్యాంపే" అన్నాడు పాపన్న. సుంకమ్మ తన గట్టు మీదే కూర్చుని పగలబడి నవ్వింది.

సరిహద్దులో యుద్ధం వచ్చిందని పంచాయతీ రేడియో చెప్పింది. దేశమంతా కదిలిందట. జీపు మాత్రం కదలలేదు.

దీపావళికి ముందు పంట పెరికారు. వంక పక్క పట్టె పోయింది, నడిమి భాగం నిలిచింది. గొప్ప పంట కాదు. కరువు ఊళ్లో గొప్ప పంట ఎవరూ ఆశించరు. తిప్పేస్వామి కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, కాయ ఒకటి వలిచి నోట్లో వేసుకుని, పంట తేలేదాకా ఆగమంటే అరుగు మీదే ఉండిపోయిన ధర్మవరం మనిషితో, "మా బామ్మర్దికి చెప్పు. చొక్కా చేతులు పొట్టయినాయి, ఇంగొకనికి పనికొస్తాదని" అన్నాడు. ఒక మూట కాయలు కట్టి పంపాడు. ఇందుమతి ఆ మాట వాకిట్లో నిలబడి వింది. లోపలికి పరుగెత్తింది. గాదె చాటున మొగుడి బొబ్బలెక్కిన అరచేతులు రెండూ తన చెంపలకు ఆనించుకుంది.

మాట ప్రకారం తుపాకీలు తిరిగి ఇవ్వడానికి అందరూ ఠాణాకు పోయారు. "ఎందుకియ్యాల? వాళ్ల మాట వాళ్లు నిలబెట్టుకున్నారా?" అన్నాడు జయరాముడు దారిలో.

"నిలబెట్టుకోలేదు. మనమూ నిలబెట్టుకోకపోతే ఇంక వాళ్లను చూసి నవ్వడానికి ఎవరు మిగులుతారు?" అంది ఇందుమతి.

ఇత్తడి రేకు తుపాకీ ఉచ్చులోకి దూరింది. తక్కినవీ దూరాయి. లక్ష్మీదేవమ్మ గుమ్మడికాయ పగలగొట్టి, కొడవలితో దారం తెంపింది. నాగలక్ష్మమ్మ జీపు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎస్సైగారు ఎక్కి కూర్చుని, ఇస్త్రీ గొంతు తిరిగి తెచ్చుకుని, "పోనీయ్" అన్నారు డ్రైవరుతో.

జీపు దగ్గింది. మళ్లీ దగ్గింది. ఇన్నాళ్లు ఎండలో నిలబడి దానికీ సత్తువ పోయింది.

"తొయ్యాల సార్" అన్నాడు డ్రైవరు.

కానిస్టేబుళ్లు చాలలేదు. ఎస్సైగారు ఊరివాళ్ల వైపు చూశారు. అడగలేదు, చూశారంతే. అందరికంటే ముందు ఎర్రిస్వామి పరుగెత్తాడు. తలపాగా నడుముకు బిగించి, వెనక కడ్డీకి భుజం ఆనించి, "పట్టండ్రా, సర్కారును ఈడ పడేసి పోతామా?" అని అందరినీ పిలిచాడు. పదిమంది పట్టి తోశారు. ఎస్సైగారు లోపల నిటారుగా కూర్చుని ముందుకు చూస్తున్నారు. జీపు చక్రం నిమ్మకాయల మీదుగా దొర్లింది.

ఇందుమతి ఎద్దులబండి మీద కాళ్లు వేలాడేసి కూర్చుని, ఒళ్లోని కాయలు వలుస్తూ, తొక్కలు గాలికి వదులుతూ చూస్తోంది.

"మామా, మీరు తొయ్యరా?" అని అడిగింది.

"ఎనిమిది దినాలు ఆగి తోస్తా" అన్నాడు తిప్పేస్వామి, కోడలి ఒళ్లోంచి ఒక కాయ తీసుకుంటూ.